మొదటి బుట్ట పడేదాకా

టాల్మన్, ఇండియానా
ఫిబ్రవరి 20, మంగళవారం

వెర్లిన్ టూమీకి,

హార్లన్ స్ట్రౌడ్‌ని, శుభం కోరి రాస్తున్నాను. చేతిరాత చూడగానే ఎవరిదో పోల్చుకునే ఉంటావు. అయినా ఉత్తరం చింపకుండా ఇంతదాకా చదివావంటే అది నీ మంచితనమని నేననుకోను; ఎవాన్స్‌విల్‌లో నీకు తోచక ఉండి ఉంటుంది. నేనిక్కడ ఈ వయసుకు ఉండదగినంత క్షేమంగా ఉన్నాను. నీ మోకాలికి ఆపరేషన్ అయిందనీ, మీ చెల్లెలింట్లో బాగానే తిరుగుతున్నావనీ మన పాస్టరుగారు ఆదివారం ప్రసంగం మధ్యలో చెప్పారు. ఏ సందర్భంలో చెప్పారో నాకు గుర్తు లేదు. ఆయనకు కూడా గుర్తుండదు. ఆయన ప్రసంగాలకు సందర్భమనేది ఎప్పుడూ ఉండదు.

ఇది క్షమాపణ ఉత్తరం కాదని ముందే చెబుతున్నాను. ఆ మాట కోసం వెతికి కళ్ళు పాడుచేసుకోకు. ఇది కేవలం సమాచారం.

సమాచారం ఏమిటంటే, నీ కుర్చీ పోతోంది. మన జిమ్ము నియమం నీకు తెలుసు: వరసగా రెండు చలికాలాలు ఖాళీగా ఉన్న కుర్చీని జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తారు. ఈ శనివారం మధ్యాహ్నం మన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు సొంత ఊళ్ళో ఆడే ఈ ఏటి ఆఖరి ఆట. ఆ ఆటకు నువ్వు వచ్చి నీ కుర్చీ దగ్గర కనిపించకపోతే, సోమవారం పొద్దున అది డెల్బర్ట్ ఫించ్ అల్లుడి పేరు మీదకు మారుతుంది. ఆ అల్లుణ్ణి నువ్వు చూడలేదు. ఎదురుగా ఆట జరుగుతుంటే ఫోన్లో ఇంకో ఊరి ఆట చూసే రకం. మొక్కజొన్న పేలాలు నోరు తెరిచి నములుతాడు. పదమూడో కుర్చీలో నేను, పద్నాలుగో కుర్చీలో అతను, ఇక నా శేషజీవితమంతా అలా గడవాలి. చెప్పడం నా ధర్మం, చెప్పాను.

ఇక మన తగువు. మీ చెల్లెలికి నువ్వు ఏ కథ చెప్పుకున్నావో తెలియదు గాని జరిగింది ఇది. టాల్మన్ కాలేజీ జిమ్ములో, ఆట మొదలైన దగ్గర్నుంచి మనవాళ్ళు మొదటి బుట్ట వేసేదాకా జనం నిలబడి చప్పట్లు కొట్టాలి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. తెలియనంత పాతది కాబట్టే అది నియమం. రెండేళ్ళ కిందట ఆ రాత్రి మనవాళ్ళు వేసిన ప్రతి బంతీ ఇనుప రింగుకు తగిలి వెనక్కి వచ్చింది. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండాయి. అప్పుడు నువ్వు కూర్చున్నావు. ముప్పై ఏళ్ళలో మన వరసలో ఎవరూ చెయ్యని పని. నేనన్నది ఒక్క మాట: కూర్చునేవాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు కదయ్యా, అక్కడ సోఫా కూడా ఉంటుంది, అని. వెనక మూడు వరసలు నవ్వాయి. నవ్వింది వాళ్ళు. నువ్వు కోటు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది మాత్రం నామీద కోపంతో. న్యాయంగా చూస్తే మూడు వరసల మీదా కోపం రావాలి.

సరే, అది పక్కన పెడతాను. నువ్వు లేని రెండేళ్ళలో ఏం జరిగిందో ఎవరో ఒకరు నీకు చెప్పాలి. చెప్పగలిగిన తెలివి ఈ ఊళ్ళో ఇంకా ఎవరికుందో చూస్తే నేనే మిగిలాను.

పోయిన ఏడాది జట్టు గురించి చెప్పకపోవడమే మర్యాద. హైస్కూల్లో లాటిన్ ఎత్తేసి నన్ను ఇంటికి పంపిన బోర్డు మెంబర్లే ఇప్పుడు కాలేజీ పాలకమండలిలో ఉన్నారు కదా, ఒక మంచి వస్తువును ఎలా చంపాలో వాళ్ళకు అలవాటే. ఉన్న ఇద్దరు మంచి ఆటగాళ్ళు పెద్ద కాలేజీలకు ఎగిరిపోయారు. మిగిలినవాళ్ళు మొన్న మొన్నటిదాకా వాళ్ళమ్మ బూట్ల తాడు కట్టిన పిల్లలు. కోచ్ మొహం చూస్తే రోజూ పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళేవాడిలా ఉంటుంది.

ఆ స్థితిలో అక్టోబరులో కబురు వచ్చింది. కాలేజీ మారి ఒక గార్డ్ వస్తున్నాడని. పేరు టెవిన్ గాడ్సన్. సొంతూరు గ్యారీ. వయసు ఇరవై నాలుగు. మనది అతనికి నాలుగో కాలేజీ, ఆడటానికి మిగిలింది ఒకే ఒక్క ఏడాది.

రోవీనా హోటల్లో మన బల్ల దగ్గర ఆ పొద్దున జరిగిన విచారణ నువ్వు చూసి ఉండాల్సింది. కోడెను కొనబోయేవాళ్ళు కూడా అంతసేపు పళ్ళు చూడరు. డెల్బర్ట్ ఫోన్ని సిరప్ సీసాకు ఆనించి అతని పాత ఆటల వీడియో పెట్టాడు. ఒరేయ్, వీడు కాలేజీ కుర్రాడట్రా, ఆ గడ్డం చూడండి, వీడికి నేను జీవిత బీమా అమ్మొచ్చు అన్నాడు. మంగలి ఆర్లో ఊరుకుంటాడా, మూడిళ్ళలో కాపురం చేసొచ్చినవాడు నాలుగో ఇంట గిన్నెలు సర్దుకుంటాడా, మార్చి రాగానే మూట కట్టేస్తాడు చూస్కోండి అన్నాడు. కాఫీ పోస్తున్న రోవీనా కెటిల్ అలాగే గాల్లో ఆపి, ఏం ఆర్లో, నావి మూడు పెళ్ళిళ్ళు, నా గిన్నెలకేం తక్కువైంది, మూడో మొగుడే అన్నిటికన్నా బాగా తిన్నాడు అంది. ఆర్లో మెత్తటి బిస్కెట్టు రొట్టె మీద గ్రేవీ వేసుకుంటూ, తిని పోయాడు కూడా అన్నాడు. ఆ మాటకు అతని కప్పులోకి కాఫీ సగమే పడింది.

నన్ను అడిగారు. అడక్కపోయినా చెప్పేవాణ్ణే. రోమన్లు ఇరవై ఏళ్ళు యుద్ధాలు చేసిన సిపాయిలకు సరిహద్దులో రాళ్ళ భూమి ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళు కొత్తగా ఏమీ గెలవలేదు గాని, శత్రువు వస్తే పారిపోనూ లేదు. పారిపోవడానికి వాళ్ళ కాళ్ళలో ఓపిక ఉండేది కాదు. ఇతనూ అంతే, కుడి చీలమండ చూడండి, ఎగిరి దిగేటప్పుడు దాని మీద బరువు పడకుండా దాచుకుంటున్నాడు అని చెప్పాను. డెల్బర్ట్ నాకేసి చూసి, మాస్టారూ, వాడు బంతి వేస్తాడా లేదా అది చెప్పండి, రోము సంగతి తర్వాత అన్నాడు. నలభై ఏళ్ళ కిందట ఇతన్ని నేను లాటిన్‌లో పాస్ చేశాను. దేశానికి నేను చేసిన ద్రోహాల్లో అదొకటి.

మనిషి వచ్చాడు. నెమ్మదైనవాడు. ఎదురుపడితే టోపీ తీసి నిలబడతాడు. మాటకు ముందు సార్, మాటకు తర్వాత సార్. మన కుర్రకుంకలు పరిగెత్తి పరిగెత్తి ఎక్కడికి వెళ్ళాలో మరిచిపోయేచోట ఇతను నడిచి వెళ్ళి ముందే నిలబడి ఉంటాడు. అక్టోబరు చివర్లో జరిగిన స్నేహపూర్వక ఆటలో చీలమండకు కట్టు కట్టి ఉన్నందువల్ల బెంచీ మీదే కూర్చున్నాడు, సరిగ్గా మన వరసకు ఎదురుగా. ఆ రోజు మనవాళ్ళు మొదటి బుట్ట వెయ్యడానికి పట్టిన సమయంలో ఒక సంస్థానం పుట్టి అస్తమించి ఉండొచ్చు. అందరం నిలబడ్డాం. ఎవరూ కూర్చోలేదు.

నవంబరులో అసలు ఆటలు మొదలయ్యాయి. ఇక్కడే వచ్చింది గొడవ.

గార్డ్ పని బంతిని ముందుకు తీసుకెళ్ళి మిగతా నలుగురికీ పంచడం. నీకు చెప్పక్కర్లేదు. ఇతను మన జిమ్ములో ఆట మొదలైన మరుక్షణం, ఎవరికీ ఇవ్వకుండా, దూరం నుంచి, ఎదుటివాడి చెయ్యి మొహం మీద ఉండగానే బంతి విసిరాడు. పడలేదు. బంతి మళ్ళీ చేతికి రాగానే మళ్ళీ విసిరాడు. పడింది. జనం కూర్చున్నారు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా బుద్ధిమంతుడిలా బంతి పంచుతూనే ఉన్నాడు. సరే, మొదటి ఆట ఆత్రం అనుకున్నాం. రెండో ఆటలోనూ అదే. మూడో ఆటలోనూ. క్రిస్మస్ దాకా అదే వరస. ఒకసారి మూడు విసిరితే మూడూ పోయాయి, అవతలివాళ్ళు అటు వెళ్ళి వరసగా వేసేశారు, నాలుగోది పడేసరికి మనం అప్పటికే వెనకబడ్డాం. ఆ ఆట చివరికి ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం.

చిత్రమేమిటంటే బయటి ఊళ్ళలో ఇతను అలా చెయ్యడు. రేడియోలో విన్నాను. అక్కడ ఓపిగ్గా, పద్ధతిగా ఆడతాడు. ఆత్రమంతా సొంత ఊళ్ళోనే.

ఇంకేం, రోవీనా హోటల్లో తీర్పులు మొదలయ్యాయి. సొంత జనం ముందు షోకు చేస్తున్నాడని ఆర్లో. పేపర్లో మొదటి పేరు తనదే పడాలని డెల్బర్ట్. అందరికంటే ముందు పళ్ళెంలో చెయ్యి పెట్టే చుట్టం ఉంటాడే, వాడే వీడు అన్నాడు. ఆ పోలిక బాగుంది. డెల్బర్ట్ నోటి నుంచి వచ్చిందని మెచ్చుకోలేకపోయాను. కాని నేనూ ఆ పక్షమే. స్వార్థపరుడన్నాను. వయసొచ్చినవాడికి వాడి వాటా కన్నా ఎక్కువ కావాలనిపిస్తుంది, నేను చూస్తూనే ఉన్నాను అన్నాను. డెల్బర్ట్‌తో నేను ఏకీభవించడం ఇదే మొదటిసారి. ఇద్దరికీ సరిగా తిండి సహించలేదు. రోవీనా ఒక్కతే, అడిగారా ఆ అబ్బాయిని, అడక్కుండా ఉరి తీస్తారేంటయ్యా పొద్దున్నే అంది. ఎవరూ పట్టించుకోలేదు. మన బల్ల దగ్గర అడిగి తెలుసుకోవడం ఆచారం కాదు.

జనవరికల్లా డెల్బర్ట్ అభిమానుల సంఘం అధ్యక్షుడి హోదాలో కోచ్ దగ్గరకు వెళ్ళి, ఆ గాడ్సన్‌ని మొదటి అయిదుగురిలోంచి తీసెయ్యండి, తర్వాత దింపుకోండి అని చెప్పాడు. కోచ్ ఆలోచిస్తానన్నాడట. ఆలోచిస్తానన్న విషయాలన్నీ అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

తర్వాత జనవరి చివరి శనివారం. మెథడిస్టు చర్చి నేలమాళిగలో ఆటగాళ్ళకూ అభిమానులకూ ఏటా జరిగే పాన్‌కేకుల ఫలహారం. నువ్వున్న రోజుల్లో పెనం దగ్గర నువ్వే ఉండేవాడివి. ఇప్పుడు పాస్టరుగారు కాలుస్తున్నారు. ఒక వైపు నలుపు, ఒక వైపు పచ్చి, ఆయన ప్రసంగంలాగే.

డెల్బర్ట్ మైకు పట్టుకున్నాడు. ఆ చిన్న గదికి మైకు ఎందుకో. అందరి ముందూ నవ్వుతూనే, సరదాగా అడుగుతున్నట్టు, మరేం లేదు టెవిన్, మా ముసలాళ్ళకో అనుమానం, సొంత ఊళ్ళో మొదటి బుట్ట నువ్వే వెయ్యాలని ఏమన్నా మొక్కుకున్నావా నాయనా అని అడిగాడు. జనం నవ్వారు. ఎప్పుడు నవ్వాలన్న విషయంలో ఈ ఊరి జనం ఎప్పుడూ తప్పే చేస్తారు.

అతను ఫోర్కు కింద పెట్టాడు. పళ్ళెంలోకి చూస్తూనే మాట్లాడాడు. సార్, అక్టోబరు ఆటలో నేను బెంచీ మీదున్నాను, ఎదురుగా జనం నిలబడే ఉన్నారు, ఎందుకు కూర్చోవడం లేదో నాకు తెలియలేదు అన్నాడు. ఒక పెద్దాయన ఉన్నారు సార్, కాళ్ళు వణుకుతున్నాయి, మొహంలో రక్తం లేదు, అయినా చప్పట్లు ఆపడం లేదు, నేను చేరిన ఊళ్ళో మొదటి ఆటకే ఈయన పడిపోతాడనుకున్నాను అన్నాడు. పక్కవాణ్ణి అడిగితే ఇక్కడి పద్ధతి చెప్పాడు సార్. మా తాత గ్యారీలో ఉక్కు మిల్లులో నిలబడి నిలబడి పోయాడు సార్. అందుకని ఎవరో ఒకరం తొందరగా ఒకటి వేస్తే ఆయన కూర్చుంటారు కదా అనుకున్నాను. కోచ్‌కి చెప్పే చేస్తున్నాను. బంతి పడకపోతే అది నా చేతకానితనం, దానికి తిట్టండి, పడతాను అన్నాడు.

పెనం మీద పాన్‌కేకు మాడిపోయింది. పాస్టరుగారు కూడా ఏమీ అనలేదు. ఆయన జీవితంలో అదే గొప్ప ప్రసంగం.

ఆ ప్రసంగాన్ని డెల్బర్టే చెడగొట్టాడు. పోయిన వేసవిలో అతనికి తుంటి ఎముక మార్చారు. ఆ ముసలాయన తనేనని నిశ్చయించుకున్నాడు. మైకు వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి, నా బాబే, నాకోసమా నాయనా అని ఆ అబ్బాయిని వాటేసుకున్నాడు. అబ్బాయి డెల్బర్ట్ భుజం మీదుగా గోడకేసి చూస్తూ ఊరుకున్నాడు. అవునన్లేదు, కాదన్లేదు.

అప్పట్నుంచి ఊళ్ళో అతను దేవుడిచ్చిన మనవడు. షోకు అన్న ఆర్లో డబ్బు తీసుకోకుండా అతని గడ్డం కత్తిరిస్తున్నాడు. డెల్బర్ట్ కనిపించిన ప్రతివాడికీ తన తుంటి కథ చెబుతున్నాడు. కథలో బంతి ప్రతిసారీ ఇంకొంచెం దూరం నుంచి పడుతోంది. నేను దిద్దలేదు. దిద్ది దిద్ది అలిసిపోయాను, వెర్లిన్. ముప్పై అయిదేళ్ళు పిల్లల కాగితాల మీద ఎర్ర సిరా పోశాను, ఈ ఊరు ఒక్క వాక్యం బాగుపడలేదు.

జట్టు మాత్రం అలాగే ఓడిపోతోంది. దయ ఉన్నంత మాత్రాన పాయింట్లు రావు. పోయిన బుధవారం బయటి ఊరి ఆటలో అతను ఎగిరి దిగుతూ ఆ కుడి చీలమండ మీదే పడ్డాడు. నేను అక్టోబరులోనే చెప్పాను. నిజమైనందుకు ఈసారి సంతోషం కలగలేదు. ఎముక విరిగిందట. కాబట్టి శనివారం, తన ఆఖరి సొంత ఆట రోజు, అతను సూటు వేసుకుని, చంక కర్రల మీద వాళ్ళమ్మతో మధ్యకు నడిచి, ఆఖరి ఏడాది ఆటగాళ్ళకు ఇచ్చే వీడ్కోలు పువ్వులు తీసుకుంటాడు. ఆడడు. ఆడేది ఆ బూట్ల తాడు పిల్లలు. మొదటి బుట్ట ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇదీ సమాచారం. కుర్చీ నీది, ఇష్టం నీది. రమ్మని నేను బతిమాలడం లేదు. ఆట రెండు గంటలకు. తూర్పు గుమ్మం వైపు మెట్లు తక్కువ. అది కూడా సమాచారమే.

మీ చెల్లెలికి నా నమస్కారాలు. ఆవిడ నన్ను ఎప్పుడూ ఇష్టపడలేదు. ఆవిడ తెలివైన మనిషి.

ఇట్లు,
మూడో వరస, పదమూడో కుర్చీ,
హార్లన్ స్ట్రౌడ్

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. ఆ ముసలాయన డెల్బర్ట్ కాదు.

ఆ ఫలహారం రోజు నేలమాళిగ మెట్లెక్కలేక నేను ఆగితే, ఆ అబ్బాయి వెనకనుంచి వచ్చి మోచెయ్యి అందించాడు. సార్, ఆ పెద్ద సార్ అంత సంతోషపడుతుంటే మీరని చెప్పలేకపోయాను, ఏమీ అనుకోకండి అన్నాడు. తర్వాత, మీ పక్క కుర్చీ ఎవరిది సార్, ఎప్పుడూ ఖాళీయే, మీరు దాని వీపు పట్టుకుని ఒక పక్కకు వంగి నిలబడతారు అన్నాడు. ఊరొదిలి వెళ్ళినవాడిదన్నాను. వస్తాడా అని అడిగాడు. తెలియదన్నాను.

మొదటి నిమిషాల్లో నేను నీ భుజం పట్టుకునేవాణ్ణి కదా, అది ఆట మీద ఉత్సాహమని నువ్వు అందరికీ చెప్పి నవ్వేవాడివి. ఉత్సాహం కాదు. ఆఖరి పదేళ్ళూ నేను నిలబడింది నీ భుజం మీదే. ఆ రాత్రి నువ్వు చటుక్కున కూర్చున్నావు, నా చెయ్యి గాల్లో మిగిలింది. ఆ క్షణాన నోటికి వచ్చింది సోఫా మాట.

శనివారం మొదటి బుట్ట తొందరగా వేసేవాడు లేడు. నువ్వు కూర్చుంటే కూర్చో, నేనేమీ అనను. నీ బట్టతల పట్టుకుని నిలబడతాను.